నీళ్లలో మునిగే నూనె

మా మేనమామకు కామెర్లు వచ్చి తగ్గిన ఏడాది, శ్రీరామనవమి నాడు, హోసూరు దగ్గరి ఉద్దనపల్లిలో ఒక డ్రమ్ము నిండా కలిపిన పానకం ఎవరూ తాగకుండా మిగిలిపోయింది. ఎవరూ అంటే ఒక్కరు తప్ప. ఆ ఒక్క మనిషి నిజంగా తాగాడా, తాగితే ఎప్పుడు తాగాడు అన్నది తేలేదాకా నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. బస్సెక్కితే దిగాలనిపించేది, దిగితే మళ్లీ ఎక్కాలనిపించేది.

తొంభైల చివరి మాట ఇది. నేనప్పుడు హోసూరులో ఒక కెమికల్ ఫ్యాక్టరీ ల్యాబులో పని చేసేవాణ్ణి. ఫ్యాక్టరీ చిన్నది. ఎంత చిన్నదంటే, గేటు దగ్గర ఎవరైనా తుమ్మితే వెనక గోడ దగ్గరున్న వాచ్‌మన్ "చిరంజీవ" అనేవాడు. కానీ ఈ సంగతి ఊళ్లో చెప్పుకుంటే మర్యాద ఉంటుందా? అందుకని మా చిమ్నీ పొగ వల్లే బెంగళూరులో వానలు పడుతున్నాయని చెప్పాను. మా ల్యాబు తక్కెడలో చీమను పెడితే అది ఆ పూట టిఫిను తిన్నదో లేదో తెలిసిపోతుందని చెప్పాను. మొదట్లో ఉద్దనపల్లి జనం నోళ్లు తెరుచుకుని విన్నారు. తర్వాత నేను బస్సు దిగగానే "వచ్చెనప్పా వానలు కురిపించేటాయప్ప" అనడం మొదలుపెట్టారు. వింటూనే ఉన్నారు గానీ నమ్మడం మానేశారు. కతలు చెప్పేవాడికి అది పెద్ద నష్టమేమీ కాదు. నిజం చెప్పాల్సి వచ్చిన రోజున మాత్రం తెలుస్తుంది.

మా ఫ్యాక్టరీకి ఇనుప డ్రమ్ముల్లో వచ్చే సరుకుల్లో బ్రోమోబెంజీన్ ఒకటి. ఉంగరంలా చుట్టుకున్న కర్బనానికి ఒక బ్రోమిన్ ముక్కుపుడక పెడితే ఏమవుతుందో అదీ. సీసాలో పోసి పక్కన నీళ్ల సీసా పెడితే ఏది ఏదో కన్ను చెప్పలేదు. రెండూ ఒకే తేట. చెయ్యి మాత్రం చెబుతుంది. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు ఈ సరుకు ఇంచుమించు కిలోన్నర తూగుతుంది. అలవాటు లేనివాడు నీళ్ల సీసా అనుకుని ఎత్తబోతే ఎవరో కింద నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉలిక్కిపడతాడు. నీళ్లు కుతకుత ఉడికే వేడికి ఇది మరగదు, దానికి ఇంకా సగం వేడి కావాలి. నీళ్లలో కరగదు. నూనె జాతే గానీ, నూనెలా పైన తేలే బుద్ధి లేదు. నీళ్లలో పోస్తే పూసలు పూసలుగా అడుక్కి పోయి, పైన ఏమీ జరగనట్టు కూర్చుంటుంది.

ఇక వాసన. అక్కడే ఉంది దీని మోసమంతా. విషమన్నాక ముక్కు బద్దలయ్యే కంపు కొట్టాలని మనకో నమ్మకం. ఇది కొట్టదు. కమ్మగా, కొంచెం తియ్యగా, పెళ్లివారు దాటిపోయిన వీధిలా ఉంటుంది. కడుపులోకి పోయాక కూడా వెంటనే ఏమీ చెయ్యదు. మన కాలేయమే పాపం, ఇంట్లోకి మురికి వచ్చింది, కడిగి పంపిద్దామని దాన్ని చేతిలోకి తీసుకుంటుంది. కడిగే దారిలో అది పదునెక్కుతుంది. ఆ పదునుకు కాలేయం తన చెయ్యే తెగ్గోసుకుంటుంది. అలా తెగకుండా అడ్డుపడే సరుకొకటి కాలేయం దగ్గర నిలవ ఉంటుంది గానీ, మనిషి ఉపవాసం ఉంటే ఆ నిలవ తరిగిపోతుంది. ఇదంతా మా ల్యాబు గోడకు అతికించిన కాగితంలోనూ, ఆ పక్కనున్న లావుపాటి పుస్తకంలోనూ ఉండేది. పని లేనప్పుడు చదువుతూ, నా కాలేయం ఉన్నచోట నిమురుకుంటూ ఉండేవాణ్ణి.

ఖాళీ అయిన డ్రమ్ములను మా ఫ్యాక్టరీ పాత సామాను కొనే గుజిరీ అంగడికి అమ్మేది. ఖాళీ అంటే మీ ఇంటి ఖాళీ కాదు. అడుగున, ఆ అంచు మడతలో, గ్లాసెడు మిగిలినా మావాళ్ల భాషలో ఖాళీయే. అందుకే బయటికి పంపేముందు గునపంతో డ్రమ్ము అడుగున పొడవాలని ఒక నియమం. చిల్లు పడ్డ డ్రమ్ములో నీళ్లు పట్టలేరు కదా, ఎవరూ ఇంట్లో వాడుకోరు కదా అని. ఈ నియమం రాసిన మహానుభావుడు హోసూరు మనిషి కాదని నా గట్టి అనుమానం. హోసూరు చుట్టుపక్కల ఆ రోజుల్లో వాకిట్లో ఫ్యాక్టరీ డ్రమ్ము లేని ఇల్లు లేదు. కొళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు గనుక డ్రమ్మే దేవుడు. డ్రమ్మును బట్టి వంశాలు కూడా ఏర్పడ్డాయి: వీళ్లు సబ్బునూనె డ్రమ్ము వాళ్లు, వాళ్లు జిగురు డ్రమ్ము వాళ్లు, ఎదురింటివాళ్లు కొంచెం తక్కువ, రంగు డ్రమ్ము వాళ్లు. అలాంటి జనానికి చిల్లు ఒక లెక్కా? గుజిరీ అంగడాయన సుత్తితో చిల్లు అంచులు అణగ్గొట్టి, లోపల అడుగంతా సిమెంటు పూత పూసి, బయట పచ్చరంగు కొట్టి, కొత్త పెళ్లికొడుకులా నిలబెట్టేవాడు.

మా మామ ఉద్దనపల్లిలో టమేటా పండించే రైతు. మీసాలు ఎంత పెద్దవంటే ఆయన తల తిప్పిన కాసేపటికి అవి తిరిగేవి. ఏటా రామనవమికి ఇత్తడి గంగాళంలో పానకం కలిపి వీధికంతా పోసేవాడు. ఆ ఏడాది చలికాలంలో కామెర్లు పట్టి, కృష్ణగిరి ఆసుపత్రిలో పడుకుని, పసుపు ముద్దలా తేలినప్పుడు మొక్కుకున్నాడు: ఈ గండం తప్పితే వీధికే కాదు, రాయకోట రోడ్డు మీద పోయే ప్రతి లారీ డ్రైవరుకూ పానకం పోస్తానని. గండం తప్పింది. కానీ కాలేయం ఇంకా పచ్చి పుండే, ఏడాదిపాటు జాగ్రత్త అని డాక్టరమ్మ చెప్పి పంపింది. మొక్కు పెద్దదయ్యేసరికి గంగాళం చిన్నదైపోయింది. ఆయన హోసూరు పోయి డ్రమ్ము కొనుక్కొచ్చాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

పండుగ నాడు నేను బస్సు దిగేసరికి ఎండ నెత్తికెక్కుతోంది. వీధి మధ్య పందిరి, పందిరికి కొబ్బరి మట్టలు, తెల్లటి థర్మోకోల్ కోసి అతికించిన 'శ్రీరామ' అక్షరాలు. మిట్టమధ్యాహ్నం నైవేద్యం, తర్వాత పంపకం. అప్పటికే లోటాలు, చెంబులు, టిఫిను డబ్బాలు పట్టుకుని జనం వరస కట్టారు. ముందు నిలబడిన లారీ క్లీనరు ఏకంగా బకెట్టు తెచ్చుకున్నాడు. పందిరి కింద పచ్చ డ్రమ్ము, దాని పక్కన తెడ్డు పట్టుకుని తెల్ల పంచెలో మా మామ.

"ఏమిరా అల్లుడా, ఇప్పుడా వచ్చేది? రాముడు పుట్టే టైముకు వచ్చి పానకం తాగి పోదామనుకొంటివా?"

నేను నవ్వుతూ దగ్గరికి వెళ్లాను. ఏలక్కాయ వాసన, మిరియాల వాసన, బెల్లం వాసన. వాటి వెనక, గుమ్మం చాటున నిలబడి తొంగిచూసే మనిషిలా, ఇంకొకటి. నా ముక్కు దాన్ని రోజూ చూస్తుంది. డ్రమ్ము చుట్టూ తిరిగాను. ఒకచోట పచ్చరంగు పెచ్చు లేచి, కింద పసుపు పట్టీ కనబడుతోంది. ఆ పసుపు పట్టీ మా గోడౌనులో ఈ సరుకు డ్రమ్ములకు వేసేదే.

"మామా, ఈ డ్రమ్ము యాడిది?"

"యాడిదంటే? హోసూరు గుజిరీ అంగట్లో తెచ్చినా. ఆడుండే డ్రమ్ములన్నీ వాసన చూసినానప్పా. ఒకటి కిరసనాయిలు, ఒకటి చచ్చిన ఎలుక. ఇదొక్కటే ఘుమ్మంటా ఉన్నింది. సామికి పెట్టేది గదా, వాసన మంచిదుండేదే ఏరుకొని తెస్తిమి."

ఏరుకుని తెచ్చాడు! లోకంలో ఉన్న డ్రమ్ములన్నిటిలోకీ దీన్నే, అది కూడా భక్తితో!

"మామా, దీన్ని ఎవురికీ పొయ్యొద్దు. ఇది మా ఫ్యాక్టరీ డ్రమ్ము. దీంట్లో లివరును తినేసే మందు ఉన్నింది."

"ఉన్నింది. ఇప్పుడు లేదు. మీ అత్త చింతపండేసి తోమినాది, బూడిదేసి తోమినాది, సీకాయేసి కూడా తోమినాది. నీ మొగం కూడా అంత బాగా ఎవురూ కడిగుండరు."

"కడిగితే పోదు మామా. నీళ్లలో కరిగితే గదా పోయేది! సిమెంటు కింద చేరుంటాది."

వరసలోంచి టీ అంగడాయన గొంతు లేచింది. ఊళ్లో నా కతలకు మొదటి శ్రోతా ఆయనే, మొదటి ద్రోహీ ఆయనే.

"ఈయప్ప పోయినేడు ఏమి చెప్పినాడో గ్యాపకముందా? వాళ్ల ఫ్యాక్టరీలో ఒక చుక్క కింద పడితే నేలకు తూటు పడి సముద్రం కనపడతాదని! ఇప్పుడు పానకంలో విషమంట. అప్పా, నీకు బకెట్టు కావాలంటే సెప్పు, ముందు నీకే పోయిస్తాము!"

వరసంతా నవ్వింది. క్లీనరు బకెట్టు తట్టి మరీ నవ్వాడు.

ఏం చెయ్యను? జీవితంలో మొదటిసారి ఒక నిజాన్ని దాని కొలతకు మించి అరంగుళం కూడా సాగదియ్యకుండా చెప్పాను. చొక్కా లేకుండా బజారుకు పోయినట్టుంది నాకు. "ఒట్టు" అన్నాను. "అమ్మతోడు" అన్నాను. అవన్నీ చిమ్నీ పొగ రోజుల్లోనే వాడేసిన మాటలు. పూజారయ్య గంట కింద పెట్టి విసుక్కున్నాడు:

"పన్నెండు గంటలకు నైవేద్యమప్పా. నీ కతలు మజ్జాన్నంగా చెప్పుకో. జనం ఎండలో ఉండారు."

నేను పందిరి ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాను. మాటతో పని లేదు, కంటికి చూపించాలి. పక్కింటి దొడ్లో బొప్పాయి చెట్టు కనబడింది. పరుగెత్తి ఒక పొడవాటి ఆకు విరిచి, ఆకు పారేసి కాడ ఉంచుకున్నాను. బొప్పాయి కాడ ఈ చివర నుంచి ఆ చివర దాకా గొట్టం. ల్యాబులో మేం వాడే గాజు గొట్టానికి అది పల్లెటూరి అన్న.

"అత్తా, ఒక గాజు సీసా తే. స్టీలుది వద్దు. దాని నిండా మంచినీళ్లు పోసి తే."

మా అత్త, మాట తక్కువ మనిషి, ఊరగాయ సీసా కడిగి నీళ్లు పోసి తెచ్చి పెట్టింది. కాడ పై చివర బొటనవేలితో మూసి, పానకంలో నిలువునా దించాను. అడుగు తగిలింది. సిమెంటు మీద కాడను గీస్తూ పోతే ఒకచోట పగులు తగిలింది. అక్కడ ఆపి వేలు తీశాను. అడుగున ఉన్నది కాడలోకి ఎక్కింది. మళ్లీ వేలితో మూసి, పైకి తీసి, సీసాలో వదిలాను.

బెల్లం రంగు పొగలా విచ్చుకుంది. ఆ పొగలోంచి తేటగా, గుండ్రంగా, పెసరగింజలంత పూసలు బయటపడి, తొందర లేకుండా కిందికి దిగి, సీసా అడుగున అటూ ఇటూ దొర్లి, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దయ్యాయి.

ఆడవాళ్లు ముందుకు వంగారు. పొద్దున లేస్తే నూనెతో పని చేసేవాళ్లు వాళ్లే.

"నూనె మాదిరి ఉంది గదమ్మా," అంది ఒకావిడ.

"నూనైతే పైకి తేలాల గదా. ఇదేంది, మునిగిపోతాది?"

"ఎన్నేండ్లు వంట చేసినానో, మునిగే నూనె నేను చూడలేదమ్మా."

టీ అంగడాయన మాత్రం లొంగలేదు. "బెల్లం మడ్డి అది. మా అంగట్లో రోజూ చూస్తా ఉండా."

మడ్డి తేటగా ఉంటుందా అని అడిగే ఓపిక నాకు లేదు. పందిరి మీదికి చెయ్యి చాచి 'శ్రీ'కి ఉన్న తోకలో చిన్న ముక్క విరిచాను. పూజారయ్య "అయ్యయ్యో" అన్నాడు. కాడతో సీసా అడుగున ఉన్న ముద్దను లాగి, ఒక్క బొట్టు ఆ థర్మోకోల్ మీద వేశాను. తెల్లటి ముక్క మధ్యలో గుంట పడింది. గుంట లోతైంది. చూస్తుండగానే బొట్టు కిందికి దిగిపోయి అవతల పక్కన వేలు పట్టేంత కన్నం తేలింది. మంట లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. ఉప్పు వానలో కరిగినట్టు కరిగిపోయింది.

"నేలకు తూటు పడతాదని చెప్పినావే," అన్నాడు టీ అంగడాయన, గొంతు తగ్గించి. "అది కూడా నిజమేనా ఏమప్పా?"

"అది అబద్ధం. ఇది నిజం."

ఆ ఒక్క మాటకు నమ్మారు. వరస చెదిరింది. లోటాలు కొంగుల కిందికి పోయాయి. క్లీనరు బకెట్టును నేలకు బోర్లించి మరీ వెనక్కి నడిచాడు. నాకు ఊపిరి వచ్చింది. వచ్చిన ఊపిరి సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే నా చూపు మామ మీసం మీద పడింది. ఎడమ వైపు మీసంలో, చిక్కటి వెంట్రుకల మధ్య, ఒక ఏలక్కాయ తొక్క ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ వెంట్రుకలు తడిగా, జిగటగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

"మామా, నువ్వు తాగినావా?"

"ఏమి తాగేది?"

"పానకం."

ఆయన పూజారయ్య వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "సామికి పెట్టకముందు తాగేదానికి నేనేమన్నా కుక్కనారా?"

అదీ చిక్కు. నైవేద్యం కాకముందు వండినదాన్ని నాలిక మీద పెట్టుకుంటే అది ఎంగిలి. ఎంగిలిది దేవుడికి పెడితే మహాపాపం. మొక్కు తీర్చుకునే మనిషి, ఉపవాసం ఉన్న మనిషి, వీధంతా చూస్తుండగా ఆ మాట ఒప్పుకుంటాడా? దానికంటే కాలేయాన్ని పళ్లెంలో పెట్టి ఇచ్చేస్తాడు. అది మామూలు కాలేయం కూడా కాదు. కామెర్లు కాల్చి వదిలిన కాలేయం, పొద్దుటి నుంచీ తిండి లేని కాలేయం. నా మనసులో ల్యాబు గోడ మీది కాగితం రెపరెపా కొట్టుకుంటోంది.

"మామా, తాగింటే చెప్పు. సిగ్గు పడొద్దు. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

"తాగలేదంటే!"

"మీసంలో ఏలక్కాయ ఎట్లొచ్చె?"

"దంచేటప్పుడు ఎగిరుంటాది!"

అప్పుడు మా అత్త కొంగు నడుముకు దోపి పూజారయ్య ముందుకొచ్చింది. ఆమె వీధిలో అందరి ముందూ అంత గట్టిగా మాట్లాడటం నేను ముందెప్పుడూ వినలేదు.

"తాగినాడు సామీ. ఏటా తాగతాడు. ఒంటి చేత్తో పుడిసెడు పట్టుకొని, అటు తిరుక్కొని, బెల్లం చాలిందా అని చూస్తాడు. నేను పెండ్లై వచ్చినప్పటి నుంచీ చూస్తానే ఉండా. ఈ పొద్దు కూడా అటు తిరిగినాడు. పాపం గీపం నాకు తెలీదు. ఈ మనిషికి ఇంగోసారి కండ్లు పసుపైతే నేను తట్టుకోలేను."

పూజారయ్య పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అయితే ఇన్నేండ్లూ నేను సామికి పెట్టింది నీ ఎంగిలాప్పా?"

మామ మీసాలు రెండూ వాలిపోయాయి. పూజారయ్య కాసేపు దేవుడి పటం వైపు చూసి, పళ్లెం కింద పెట్టాడు.

"ఇన్నేండ్లూ సామి ఏమీ అనలేదు గదా, నేనెవుణ్ణి అనేదానికి! పో, ముందు డాక్టరు దగ్గరికి పో. ఈడ నేను చెప్పుకొంటాలే."

వెళ్లేముందు ఒక గొడవ మిగిలింది. ఆ డ్రమ్మును ఏం చెయ్యాలి? పారబోస్తే తియ్యటి నీళ్లకు ఆవులు వస్తాయి, మేకలు వస్తాయి, చీమల సంగతి సరేసరి. నేను ఎస్టీడీ బూత్ నుంచి ఫ్యాక్టరీకి ఫోను చేసి, సగం అరుస్తూ సగం బతిమాలుతూ, టెంపో పంపించమన్నాను. అది వచ్చేదాకా డ్రమ్ముకు కాపలాగా టీ అంగడాయనే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఈగ వాలినా వదల్లేదట. తర్వాత నెలల తరబడి ఆ కాపలా కతను ఆయన చెప్పిన తీరు చూసి, నా వృత్తికి పోటీ వచ్చిందని భయపడ్డాను.

టమేటా బుట్టలు వేసుకుని రాయకోట మీదుగా పోతున్న వ్యాను ఆపి, బుట్టల మధ్య మామను కూర్చోబెట్టి, నేనూ అత్తా చెరో పక్క కూర్చుని కృష్ణగిరి పోయాం. కామెర్లు చూసిన డాక్టరమ్మ ఉండేది అక్కడే. దారి పొడుగునా నేను ఒక్కటే అడిగాను: తెడ్డుతో కలిపినాక తాగినావా, కలపకముందు తాగినావా? ఆ ప్రశ్నలోనే ఉంది సంగతంతా. కలపకపోతే సరుకు అడుగున పడుకుని ఉంటుంది, పైన ముంచుకున్న పుడిసెట్లో ఉండేది ఏమీ లేనంత. తెడ్డేసి తిప్పితే సిమెంటు పగుల్లోంచి లేచి, పూసలుగా చెదిరి, ఎక్కడ ముంచినా దొరుకుతుంది. మామ టమేటాలు చూస్తూ కూర్చున్నాడు. పంటను అంత శ్రద్ధగా ఏ రైతూ చూసి ఉండడు.

డాక్టరమ్మ నేను చెప్పిందంతా విని, ఆ పేరు కాగితం మీద రాయించుకుని, ఎవరికో ఫోను చేసి మాట్లాడి వచ్చింది.

"ఎంత తాగినారయ్యా?"

"తాగలేదమ్మా," అన్నాడు మామ.

"పుడిసెడు," అంది అత్త.

"కలిపినాకనా, ముందరనా?" అన్నాను నేను.

"వీళ్లిద్దురికీ ఎండ తగిలిందమ్మా," అన్నాడు మామ.

డాక్టరమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, తాగినట్టే లెక్క వేసింది. సూది గుచ్చి నెత్తురు తీయించింది, సెలైను పెట్టించింది, ముందు ఏమైనా తినమంది. మామ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఉపవాసమమ్మా. పొద్దు మునిగేదాకా పచ్చి నీళ్లు కూడా ముట్టేది లేదు."

"పానకం ముట్టినారు గదా?"

"ముట్టలేదు!"

"సరే, ముట్టలేదు. మీ లివరు మాత్రం ఆకలితో ఉంది. దానికి ఉపవాసం తెలీదు, మొక్కు తెలీదు. దాని చేతిలో ఏమీ లేకుండా కొట్లాటకు పంపిస్తారా?"

కొట్లాట అనేసరికి రైతుకు అర్థమైంది. పొలం గట్టు తగాదాకు ఒట్టి చేతులతో ఎవరు పోతారు? ఇడ్లీలు తెప్పిస్తే కళ్లు మూసుకుని, దేవుడికి ఏదో గొణిగి, తిన్నాడు. తినడం మొదలుపెట్టాక ఆపలేదు.

మొదటి పరీక్షలో పెద్దగా ఏమీ తేలలేదు. పాత కామెర్ల మచ్చ కొంచెం ఉందంతే. "ఇది వెంటనే కనపడేది కాదు. కొన్నాళ్లు చూడాల. కండ్లు చూసుకోండి, ఒంటేలుకు పోతే రంగు చూసుకోండి. మళ్లీ నెత్తురు చూద్దాం," అని, రెండు రోజులుంచుకుని పంపించింది.

ఆ తర్వాతి రోజులు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తే అరికాళ్లు దురదపెడతాయి. ల్యాబులో గాజు సామాను ఎంత పగలగొట్టానో, మా మేనేజరు నన్ను చూడగానే చీపురు తెప్పించేవాడు. డ్యూటీ దిగగానే బస్సెక్కి ఉద్దనపల్లి పోయేవాణ్ణి. మామ వాకిట్లో కూర్చుని ఉంటే ఆయన కనురెప్ప కిందికి లాగి వెలుతురుకు తిప్పి చూసేవాణ్ణి. నేనొక్కణ్ణే అయితే ఓర్చుకునేవాడేమో. వీధిలో ప్రతివాళ్లూ డాక్టర్లయ్యారు. పాలామె కన్ను చూసేది. పూజారయ్య హారతి పళ్లెం తెచ్చి, హారతి పేరు చెప్పి, ఆ వెలుగులో కన్ను చూసేవాడు. టీ అంగడాయన రోజుకొక తీర్పు ఇచ్చేవాడు: "ఎడమ కన్ను బాగుంది. కుడిదే కొంచెం నిమ్మపండు మాదిరి."

కన్ను చూడనిది అత్త ఒక్కతే. ఆయన అన్నం తింటున్నప్పుడు మాత్రం గోడకు ఆనుకుని, ఆయన చెయ్యి పళ్లేనికీ నోటికీ మధ్య తిరగడాన్ని చూస్తూ ఉండేది. ముద్ద ఆగితే ఆమె లేచేది.

"మామా, ఒంటేలు ఏ రంగు?" అని అడిగాను ఒక సాయంత్రం.

"నీలం."

"మామా!"

"నిన్న పచ్చ. రేపటికి ఎర్ర. పోరా! రంగు డ్రమ్ము మాదిరి చూస్తా ఉండారు నన్ను."

మర్నాడు హోసూరు పోయి నల్ల కళ్లద్దాలు కొనుక్కొచ్చి పెట్టుకున్నాడు. పంచె, మీసాలు, నల్లద్దాలు. పొలంలో టమేటాలు కోసే కూలీలు నవ్వలేక చచ్చారు. ఇక కన్ను ఎవరికీ కనబడదు. నాకు మాత్రం ఆ అద్దాల వెనక రెండు పసుపు కళ్లు పెరుగుతున్నట్టే అనిపించేది. వద్దన్నా చూడకుండా ఉండలేను, చూద్దామంటే కనబడవు. ఒకసారి ఆయన నిద్రపోతున్నప్పుడు అద్దాలు మెల్లగా ఎత్తబోతే చేతి మీద ఒక్కటి పడింది. మనిషిలో బలం తగ్గలేదని సంతోషించి, అరచెయ్యి ఊదుకుంటూ బస్సెక్కాను.

రెండో పరీక్షకు ఈసారి మేమిద్దరమే కృష్ణగిరి పోయాం. అత్త రానంది. కొత్తిమీర తుంచుతూ కూర్చుంది. కాడలు గిన్నెలో వేసి, ఆకులు పారేస్తోంది. మేం చెప్పలేదు, ఆమె చూసుకోలేదు.

ల్యాబు కిటికీ దగ్గర కాగితం ఇచ్చేదాకా నేను ఆసుపత్రి వరండా పొడవు ఎన్నిసార్లు కొలిచానో, ఊడ్చే ఆమె "అన్నా, ఒక పక్క నిలబడు, ఊడ్చాల" అని బతిమాలింది. చివరికి డాక్టరమ్మ కాగితం చూసి, మామ అద్దాలు తియ్యమని, కన్ను చూసి, కడుపు మీద తట్టి చెప్పింది:

"ఏమీ కాలేదు. అన్నీ సరిగా ఉన్నాయి. పోయినసారి కంటే బాగుంది. ఇంటికి పోయి చెప్పండి."

నేను అక్కడే ఉన్న బల్ల మీద కూర్చుండిపోయాను. అన్ని రోజుల తర్వాత కూర్చోవాలనిపించి కూర్చోవడం అదే మొదలు. మామ మాత్రం డాక్టరమ్మకు దండం పెట్టి, అద్దాలు జేబులో వేసుకుని, నన్ను రెక్క పట్టుకుని లేపి బస్టాండుకు నడిపించాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటి, మామిడి తోపులు మొదలయ్యాయి. నేను కాగితం చేతిలో పట్టుకుని, పై నుంచి కిందికి చదువుతున్నాను. బస్సు చప్పుడులో ఎవరికీ వినబడదని నిర్ధారించుకున్నాక ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"కలిపినాకనే తాగింది."

నేను తల తిప్పాను.

"కలపకుండా తాగితే బెల్లం చాలిందో లేదో యెట్ల తెలుస్తాదిరా? అంత చదువుకొన్నావు, అది కూడా తెలీదు." కిటికీ వైపు తిరిగి మీసం దువ్వుకున్నాడు. "పుడిసెడు కాదు. దోసెడు. మీ అత్తకు చెప్పొద్దు."

నేను కాగితం మళ్లీ మొదటి గీత నుంచి చదవడం మొదలుపెట్టాను.